పొడపత్రి తగ్గించిందా, నడక తగ్గించిందా?

షుగర్ తగ్గిస్తాయని పేరున్న మొక్కలు ప్రయోగశాలకు చేరేనాటికే ఇళ్ళల్లో వాడుకలో ఉంటాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, తెలుగువాళ్ళు బాగా స్థిరపడిన కమ్మింగ్‌లోనూ అంతే. పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల పెట్టెల్లో మెట్‌ఫార్మిన్ మాత్రల పక్కనే పొడపత్రి పొడి, నేరేడు గింజల పొడి ఉంటాయి. డాక్టరు మందుల గురించి అడిగితే మాత్రల చీటీ చూపిస్తారు. పొడుల ఊసెత్తరు, వాళ్ళ లెక్కలో అవి మందులు కావు.

తరచూ కనిపించే కేసు ఒకటుంది. అరవై దాటిన పెద్దాయన మూడు నెలలు పొడపత్రి వాడారు, మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ దిగింది. ఘనతంతా పొడిదేనని ఆయన గట్టి నమ్మకం. నిదానంగా అడిగితే ఒక్కొక్కటీ బయటికొస్తుంది: రోజూ సాయంత్రం మనవడితో గంట నడక, రాత్రి అన్నానికి బదులు జొన్నరొట్టె, కూతురు గుర్తుచేసి మరీ వేయించే మాత్ర. షుగర్ తగ్గిన మాట నిజమే. దేనివల్ల తగ్గిందన్నది మాత్రం ఆ ఒక్క రిపోర్టు చెప్పలేదు.

ఈ చిక్కు విప్పడానికే పరీక్షలు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కామేశ్వరరావు, అప్పారావు తదితరులు కాసరకాయ పొడిపై 1999లో, ఎర్రచందనం బెరడు సారాలపై 2001లో ఫలితాలు ప్రచురించారు. ఇలాంటి పరిశోధనల్లో మొక్క భాగాన్ని ఎండబెట్టి, పొడిచేసి, నీటిలోనూ ఆల్కహాల్‌లోనూ వేర్వేరుగా సారం తీస్తారు. ఎలుకలకు అలోక్సాన్ అనే రసాయనం ఇచ్చి, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను దెబ్బతీస్తారు. ఆ తర్వాత కొన్నింటికి సారం, కొన్నింటికి తెలిసిన మందు ఇస్తారు, కొన్నింటికి ఏదీ ఇవ్వరు. అయితే మన పెద్దవాళ్ళలో ఎక్కువమందిది టైప్ 2. అందులో ఇన్సులిన్ ఉన్నా ఒంటికి సరిగా పట్టదు. అందుకే ఎలుకలో గెలిచిన సారం మనిషిలోనూ గెలుస్తుందని ముందే అనుకోకూడదు.

మనుషుల విషయానికొస్తే, పొడపత్రి సారంపై మద్రాసు విశ్వవిద్యాలయం వారి 1990 నాటి అధ్యయనం ప్రసిద్ధం. మాత్రలు వాడుతున్న 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 18–20 నెలలు ఇస్తే, ఐదుగురు మాత్రలు మానగలిగారు. ఆశపడదగ్గ ఫలితమే. కానీ ఎవరికి సారం, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది రోగికీ డాక్టరుకూ తెలియకుండా, ఎక్కువమందిపై జరిగే పరీక్ష బలం దానికి లేదు. కాకరకాయ మీద వచ్చిన పరీక్షలను వైద్య పరీక్షలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష జల్లెడ పట్టి, ఆధారం చాలదని తేల్చింది.

మొక్కలను తక్కువ చేయనక్కరలేదు. మెట్‌ఫార్మిన్ వంశం యూరప్‌లోని గలేగా మొక్క దగ్గరే మొదలవుతుంది. ఆ మొక్కలోని పదార్థాలు షుగర్ తగ్గించేవి, విషమూ అయ్యేవి. వాటి రసాయన బంధువైన మెట్‌ఫార్మిన్‌ను జాన్ స్టెర్న్ 1957లో రోగులపై ప్రయోగించిన ఫలితాలు ప్రకటించారు. అమెరికాలో అనుమతి దొరికింది 1994లో.

అదే ఏడు వచ్చిన చట్టం ప్రకారం అమెరికాలో మూలికల సప్లిమెంట్లు అమ్మడానికి ముందు పనిచేస్తాయని నిరూపించనక్కరలేదు. 2003లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించిన “సహజ” షుగర్ మందుల్లో కొన్నింటిలో లేబుల్ మీద చెప్పకుండా కలిపిన అల్లోపతి మందులే దొరికాయి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్ళు అలాంటి పొడి తోడు చేసుకుంటే షుగర్ హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్ళవచ్చు. క్లినిక్‌కు వచ్చేటప్పుడు మాత్రల చీటీతో పాటు పొడి డబ్బా కూడా తెమ్మని డాక్టర్లు అడిగేది అందుకే.