ఫరసాన్ తాబేళ్లు

మీరు జిజాన్ వెళితే ఓడరేవు చూసి తిరిగి రాకండి. ఫెర్రీ ఎక్కండి. సుమారు గంటలో ఫరసాన్ దీవులు వస్తాయి. పేరుకు ఎర్ర సముద్రమే గానీ, అక్కడి నీళ్లు నీలం.

ఇక్కడ ముఖ్యంగా రెండు రకాల తాబేళ్లు ఉన్నాయి. (ఒకటైతే తాబేలు, ఎక్కువైతే తాబేళ్లు!) ఆకుపచ్చ తాబేలు సముద్రపు గడ్డి మేస్తుంది. గద్దముక్కు తాబేలు పగడపు దిబ్బల్లో స్పాంజీలు తింటుంది. ముక్కు చూస్తే మీకే తెలిసిపోతుంది.

ఫోటో కావాలంటే వెంటపడకండి. గాలి పీల్చడానికి అది పైకి రావాలి. మీరు అడ్డం వస్తే బెదిరిపోతుంది. దూరంగా, కదలకుండా ఉండండి. నేను తొందరపడ్డాను. నా ఫోటోలో వెనక కాళ్లు, బుడగలు తప్ప ఏమీ లేవు.

రాత్రి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తే మాత్రం కెమెరా సంచిలోనే ఉండాలి. వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెళ్లిపోవచ్చు. పిల్లలైతే సముద్రపు మెరుపు అనుకుని మన ఫోన్ లైటు వైపు నడుస్తాయి, దారి తప్పి చచ్చిపోతాయి.

మన పెద్దలు విడిచి వచ్చిన ఆంధ్ర తీరానికీ తాబేళ్లు వస్తాయి. అవి వేరే రకం, ఆలివ్ రిడ్లీలు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో విష్ణువును తాబేలు రూపంలోనే కొలుస్తారు.

పొద్దున్నే ఇసుక మీద చూడండి. ట్రాక్టరు చక్రాల గుర్తుల్లాంటి జాడ ఉంటుంది. గూడు తొక్కకుండా దాన్ని ఫోటో తీసుకోండి.