రెండు నీళ్ళ నేల, రెండు చక్రముల బండి

సంస్కృతములో ద్వీపమను మాటకు రెండు వైపుల నీరు గల నేల అని వ్యుత్పత్తి చెప్పుదురు. నాలుగు వైపుల నీరుండవలెనను నియమము తరువాతి భూగోళశాస్త్రము పెట్టినది; శబ్దము మాత్రము రెండింటితోనే తృప్తిపడినది. ఈ లెక్కన సూరతునకు పడమట, తాపీనది సముద్రములో కలియుచోటనున్న హజీరాకు ద్వీపమను పేరు చక్కగా చెల్లును. ఒక ప్రక్క తాపి, మరియొక ప్రక్క ఖంభాతు సింధుశాఖ. సైకిలుకును చక్రములు రెండే. రెండు నీళ్ళ నేలకును రెండు చక్రముల బండికిని చుట్టరికముండుట న్యాయము. కాని హజీరా బాటమీద లారీల నడుమ సైకిలు త్రొక్కుచు పోవువానిని చూచినచో ఆ చుట్టరికము ఏనాడో తెగినదని తోచును.

ఈ ప్రాంతము ప్రయాణీకులకు క్రొత్తది కాదు. హజీరా చెంతనున్న సువాలి రేవులో ఒకప్పుడు ఆంగ్లేయుల ఓడలు లంగరు వేసెడివి. 1612 లో వారికిని పోర్చుగీసువారికిని నౌకాయుద్ధము జరిగినది ఆ జలములలోనే. 1615 లో సర్ థామస్ రో జహంగీరు కొలువునకు రాయబారిగా వచ్చి కాలు మోపినదియు అచ్చటనే. నేడు హజీరాలో ఎరువుల కర్మాగారము, ఉక్కు కర్మాగారము, సహజవాయువును శుద్ధిచేయు కేంద్రము, పెద్ద ఓడలు వచ్చు రేవు ఉన్నవి. వీనికి వలయు బరువంతయు మోయునవి లారీలు. 2022 లో ఇచ్చట సుమారొక కిలోమీటరు పొడవున ఆరు వరుసల రహదారిని కంకరకు బదులు ఉక్కు చిట్టెముతో నిర్మించిరి. కొలిమిలో ఇనుము కరగినప్పుడు పైకి తేలు మలినమే చిట్టెము. అది చల్లారి రాయియగును. ఆ రాతిని కొట్టి, పదునుపెట్టి, దారిగా పరచిరి. మనుష్యుడు తన చేతులతో చేసిన అగ్నిశిల యిది.

ప్రకృతి చేసిన అగ్నిశిల సింధుశాఖ ఆవలి ఒడ్డున ఉన్నది. సుమారు ఆరుకోట్ల అరువదిలక్షల ఏండ్ల క్రిందట భూమి బ్రద్దలై ప్రవహించిన లావా పొరలుపొరలుగా గడ్డకట్టి దక్కను పీఠభూమియైనది. తెలంగాణము పడమటి అంచునందలి నల్లరాయియు, సౌరాష్ట్రములోని నల్లరాయియు ఆ ప్రవాహమునకు చెందినవే. జునాగఢమునొద్దనున్న గిరినారు పర్వతము కథ కొంచెము వేరు. అచ్చట కరగిన శిల పైకి పొంగక, పై పొరలను గుమ్మటమువలె ఎత్తి, లోపలనే నెమ్మదిగా చల్లారినది. పైనున్న మెత్తని పొరలు వానలకు గాలికి అరగిపోగా, లోని గట్టిరాయి సుమారు 1,100 మీటర్ల ఎత్తున నేడు ఆకాశమునంటుచున్నది. సౌరాష్ట్రము మూడు వైపుల నీరు గల ద్వీపకల్పము. ద్వీపమనుటకు ఒక వైపు తక్కువ, శబ్దవ్యుత్పత్తికి ఒక వైపు ఎక్కువ.

అగ్నిపర్వతములనుండి పుట్టిన కొండల ద్వీపములలో, మోటారుల రొద లేని దారులలో సైకిలుపై తిరుగవలెనను కోరిక నేడు లోకమున పలువురకు కలుగుచున్నది. దక్షిణకొరియాలోని జెజు ద్వీపము నడుమ 1,947 మీటర్ల హల్లాసాన్ శిఖరమున్నది; ద్వీపము చుట్టును 234 కిలోమీటర్ల సైకిలు దారిని 2015 లో పూర్తిచేసిరి. హిందూమహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమున మఫాట్ అను పెద్ద లోయ కలదు. దానికి నేటికిని మోటారు బాట లేదు. అచ్చటి పల్లెలకు కాలినడకన పోవలెను, లేదా హెలికాప్టరులో దిగవలెను. విహారమునకు పోవువారు ఆ నిశ్శబ్దమును మెచ్చుకొందురు. కాని ఆ లోయలో మొదట తలదాచుకొన్నవారు తోటల యజమానుల నుండి పారిపోయిన బానిసలు. దారి లేకపోవుటయే వారి ప్రాణములకు రక్ష. ప్రక్కనున్న మారిషసు కూడ అగ్నిపర్వత ద్వీపమే. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి పోయిన తెలుగువారిని అచ్చట ఆ రేవు పేరుతోనే పిలిచిరి. చెరకు పండించుటకై వలసకూలీలు పొలములలోని లావారాళ్ళను ఏరి గుట్టలుగా పోసిరి. నేడు విహారియై పోవువానికి ఆ గుట్టలు వింత దృశ్యము. పోసినవారికి అవి నడుము నొప్పి.

తెలుగువాడు వలసపోయిన చోట్లలో సూరతు ఒకటి. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు తరతరములుగా ఇచ్చటి మరమగ్గములమీద బ్రతుకుచున్నారు. మరమగ్గమును వారు సాంచె అందురు. నగరపాలక సంస్థ వారి పిల్లలకు తెలుగు బడులను కూడ నడుపుచున్నది. అట్టివారిలో ఒక వృద్ధుడు ముప్పదియైదేండ్లు లింబాయతులోని ఇంటినుండి సాంచెల కొట్టమునకు సైకిలుమీద పోయి వచ్చెను. పగలు వారము పగలు, రాత్రి వారము రాత్రి. సాంచెల చప్పుడుకు చెవులు సగము మందగించినవి. తోటి పనివాడొకడు రాత్రిపని ముగించుకొని ఇంటికి పోవుచు లారీ క్రిందపడి చనిపోయిన నాటినుండి ఈయన పెద్ద బాట వచ్చినంతనే సైకిలు దిగి నడిపించుకొనిపోవును. ముప్పదియైదేండ్లు సైకిలెక్కినవాడు బాటమీద సైకిలు త్రొక్కుటకు జంకుట చిన్న విషయము కాదు.

పని మానిన తరువాతి కార్తికమున ఆయన గిరినారు పోవుదునని ఇంట చెప్పెను. సైకిలుమీద పోవుదునని కూడ చెప్పెను. కూతురు అడ్డుపడెను.

"ఈ వయసుల సైకిలేంది బాపూ? బస్సుల పోరాదా?"

"బస్సుల పోతె గిరినారు వస్తది బిడ్డా, తొవ్వ రాదు" అనెను.

ఆమెకా మాట నచ్చలేదు. అయినను మూట కట్టి యిచ్చెను.

హజీరానుండి ఆవలి ఒడ్డునందలి ఘోఘాకు వాహనములతో సహా మనుష్యులను దాటించు ఓడ 2020 నవంబరు 8న ప్రారంభమైనది. నేలమీద చుట్టి పోయినచో సుమారు 370 కిలోమీటర్లు, నీటిమీద 90. ఆ ఓడను అందుకొనుటకు ముందు హజీరా బాటను దాటవలెను. తెల్లవారకమునుపే బయలుదేరినను లారీలు ఆయనకంటె ముందే మేలుకొనియుండెను. ప్రతి లారీ దాటిపోవునప్పుడు గాలి ఒకసారి లోనికి లాగి, ఒకసారి బయటకు త్రోసెను. ఆయన చాలదూరము దిగి నడిచెను. ఓడలో సైకిలును లారీల ప్రక్కనే త్రాటితో కట్టిరి. అచ్చట లారీకిని సైకిలుకును స్థానమొక్కటే. రెండును కదలవు, రెండింటిని ఓడయే మోయును. ఖంభాతు జలములలో ఆటుపోట్ల ఎత్తు పది మీటర్లను మించును. నీరు బురదరంగున ఉండును. దూరపు ఒడ్డు చాలసేపు కనబడలేదు.

ఘోఘానుండి జునాగఢమునకు ఆయన పెద్దబాటను వీలైనంత విడిచి పల్లెదారులలో పోయెను. ఎన్ని దినములు పట్టినవో లెక్క పెట్టుకొనలేదు. ప్రత్తిచేలు, వేరుశనగ చేలు, నల్లరేగడి, నల్లరాళ్ళు. ఎడ్లు ఎదురైనచో దారి యిచ్చెను, మేకలకు ఆగెను. రెండవనాటి మధ్యాహ్నమున ఆయనకొక చప్పుడు వినబడెను. మొదట ఏమో తెలియలేదు. అది తన సైకిలు గొలుసు పళ్ళచక్రముపై తిరుగు చప్పుడు. ముప్పదియైదేండ్లుగా అదే బండి, అదే గొలుసు. ఆ చప్పుడు వినుట అదియే మొదలు. సగము చెవులు పోయినవాడు ఆ దినమున వినగలిగినాడనగా, మిగిలిన సగమునకు ఇన్నేండ్లు చోటు దొరకలేదని అర్థము.

గిరినారు పాదమునకు పోవు దారిలో ఒక బండరాయి ఉన్నది. దానిపై అశోకుని పదునాలుగు శాసనములు, క్రీస్తుశకము 150 నాటి రుద్రదాముని శాసనము, తరువాతి స్కందగుప్తుని శాసనము చెక్కబడియున్నవి. అశోకుని శాసనములే మన కర్నూలు సీమలోని ఎర్రగుడి కొండలమీదను కలవు. రెండవ శాసనములో ఆ చక్రవర్తి బాటల వెంట బావులు త్రవ్వించితినని, చెట్లు నాటించితినని చెప్పెను. ఎవరికొరకనగా, పశువులకును మనుష్యులకును. బాట ఎవరిదను ప్రశ్నకు ఇంతకంటె పాత జవాబు మన దేశములో రాతిమీద దొరకుట అరుదు. ఆ జవాబులో వేగము ప్రసక్తి లేదు. దాహము, నీడ మాత్రమే ఉన్నవి.

కార్తిక శుద్ధ ఏకాదశినుండి పూర్ణిమవరకు గిరినారు చుట్టును లక్షల జనము ప్రదక్షిణము చేయుదురు. దానిని లీలీ పరిక్రమ అందురు. లీలీ యనగా పచ్చనిది. అడవిలో సుమారు 36 కిలోమీటర్ల కాలిదారి. ఆ వృద్ధుడు సైకిలును కొండ క్రింద ఒక ధర్మశాలలో విడిచి నడిచెను. అది ఆయనకు మొదట కష్టముగానే తోచెను. ఇంత దూరము దానితో వచ్చి, మోటారుల బెడద లేని అసలైన దారి ఎదురైనప్పుడు దానినే విడువవలసివచ్చెను. కాని మొదటి ఇరుకు మలుపులోనే కారణము తెలిసినది. తలమీద మూటలు, చంకన బిడ్డలు, చేత కఱ్ఱలు గల జనము నడుమ సైకిలు పోయినచో అదియు ఒక లారీయే. హజీరాలో వెనుకనుండి హారను విని ఉలికిపడిన మనిషి, ఇచ్చట ఒక ముసలమ్మ వెనుక గంట మ్రోగించి ఆమెను ఉలికిపాటుకు గురిచేయవలసివచ్చెడిది.

నిశ్శబ్దమైన దారిని కోరువారు సాధారణముగా తమకంటె వేగము గలవానిని తొలగింపుమని అడుగుదురు. తమకంటె మెల్లగా పోవువానికి తాము తొలగుట మరతురు. జెజులోనైనను గిరినారులోనైనను మోటారు లేనంతమాత్రమున దారి మంచిదగుట లేదు. అచ్చట అందరికంటె నెమ్మదిగా పోవువాడు భయము లేకుండ పోగలుగుట మంచి దారికి గుర్తు. అట్టి దారులు దూరద్వీపములలో విహారులకు మాత్రమే దొరకి, రాత్రిపని ముగించుకొని ఇంటికి పోవు పనివానికి దొరకకున్నచో, అవి దారులు కావు, అలంకారములు.

హజీరాలో కొలిమి కక్కిన రాతిని వడగట్టి, పొడిచేసి, వేల టన్నులు పరచి, ఆరు లారీలు ప్రక్కప్రక్కన పోవుటకు బాట వేయగలిగిరి. అది సామాన్యమైన నేర్పు కాదు, మెచ్చుకొనదగినది. ఆ నేర్పు గలవారికి ప్రతి కర్మాగారపు బాట అంచునను ఒక గట్టు కట్టి, దానికివతల నాలుగడుగుల నేల విడిచి, అందులో కొన్ని వేపచెట్లు నాటుట ఎంత పని?