మావాడి ప్రాసెసర్, నా పోపుల పెట్టె

2024 శ్రావణంలో చీటీ పాడుకుంటే నా చేతికి ఎనభై ఐదు వేలొచ్చాయి. పాత గాజులు మార్చి, ఈ డబ్బు కలిపి కొత్తవి తీసుకుందామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే, ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న మావాడు వచ్చి కొత్త కంప్యూటర్ కావాలన్నాడు.

“ఉన్న ల్యాప్‌టాప్ చదువుకి చాలు. ఆటలకైతే పైసా ఇవ్వను” అన్నారు మావారు, ఆఫీసు పని మీంచి తలెత్తకుండానే. వాడు మారుమాట్లాడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఇద్దరి మధ్యా నేను, ఎప్పటిలాగే.

రాత్రి పాలు ఇవ్వడానికి వెళ్ళి, “అసలేం కావాలిరా? నాకర్థమయ్యేలా చెప్పు” అన్నాను. వాడు తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకి పెట్టాడు. మా అత్తయ్యగారి గొంతు! శుక్రవారం పూజలో ఆవిడ పాడే మంగళహారతి. ఆవిడకి తెలియకుండా రెండేళ్ళ కిందట ఫోన్‌లో రికార్డు చేశాడట. దాని వెనక వీణ, మృదంగం కలుపుతున్నాడు. ఇప్పుడు ఆవిడకి ఆయాసం. హారతి సగంలోనే ఆపేస్తున్నారు. వింటూంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఇంతలో చెవిలో చిటపటమని పాత రేడియో స్టేషను తప్పినట్టు మోత.

“అది నానమ్మ గొంతు కాదమ్మా. ప్రాసెసర్ అందుకోలేకపోతోంది” అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో మీకూ చెప్తాను. కంప్యూటర్ ధ్వనిని సాధారణంగా సెకనుకు 44,100 ముక్కలుగా కొలుస్తుంది. వాటిని 128 చొప్పున కట్టలు కట్టి ప్రాసెసర్‌కి ఇస్తే, ఒక్కో కట్టకీ దానికి దొరికే సమయం సుమారు 3 మిల్లీసెకన్లు. ఆలోపు పని పూర్తి కాకపోతే పాటలో చిల్లు పడుతుంది. ఆ చిటపటలు అవే. కట్టలు పెద్దవి చేస్తే చిటపటలు తగ్గుతాయి కానీ, కీబోర్డు మీద మెట్టు నొక్కిన కాసేపటికి గానీ స్వరం పలకదు. ఆటల్లోనూ అంతేనట. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకీ దొరికేది 16.7 మిల్లీసెకన్లే. బి.ఏ. తెలుగులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని లెక్కపెట్టినదాన్ని. మాత్ర తప్పితే పద్యం ఎలా కుంటుతుందో నాకు తెలుసు.

“అయితే ఎక్కువ కోర్లున్నది కొంటే సరి!” అన్నాను. అలా కాదట. పాటలో ఇరవై ట్రాకులుంటే కోర్లు పనిని పంచుకుంటాయి. కానీ ఒకే ట్రాకు మీద వరసగా వేసిన ఎఫెక్టులన్నీ ఒక్క కోరు మీదే నడవాలి. ఇది నాకు వెంటనే అర్థమైంది. ఎనిమిది పొయ్యిలున్నా, ఒక్క అట్టు ఒక్క పెనం మీదే కాలాలి కదా.

వాడి చీటీలో మూడు పేర్లున్నాయి. మొదటిది ఇంటెల్ 14700కె. దాన్లో 20 కోర్లు, పెద్దవి 8, చిన్నవి 12. కానీ ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని వోల్టేజీ ఎక్కువై నిలకడ తప్పుతున్నాయని ఆ కంపెనీయే ఆ ఏడాది ఒప్పుకుంది. సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చి, వారంటీ 2 ఏళ్ళు పెంచింది కూడా. అయినా చీటీ డబ్బుతో కొనేటప్పుడు ఆ గుబులెందుకని పక్కన పెట్టాం.

రెండోది ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డి, మూడోది రైజెన్ 7 7700. రెంటికీ 8 కోర్లే. తేడా క్యాష్‌లో ఉంది. మొదటిదానికి 96 ఎంబీ, రెండోదానికి 32. క్యాష్ అంటే పొయ్యి పక్కనుండే పోపుల పెట్టె. అది పెద్దదైతే మాటిమాటికీ స్టోర్ రూంకి పరిగెత్తక్కర్లేదు. ఆటలకి అది బాగా కలిసొస్తుంది. సంగీతానికి వేగం ముఖ్యం. అందులో 7700 గరిష్ఠంగా 5.3 గిగాహెర్ట్జ్, ఎక్స్3డి 5. పైగా 7700 డబ్బాలోనే ఫ్యాన్ వస్తుంది, కంపెనీ లెక్క ప్రకారం వేడీ తక్కువ. మైకు పెట్టి పాడేటప్పుడు ఫ్యాన్ హోరు ఉండకూడదు కదా.

“నిజం చెప్పు. ఆటా, పాటా?” అన్నాను.

కాసేపాగి, “పాటే. ఆట ఆదివారం” అన్నాడు. అంతే, ప్రాసెసర్ తేలిపోయింది.

ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్ అన్నిటికీ మన హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ ఆఫీసులున్నాయి. కొనాలంటే మాత్రం మేం సికింద్రాబాద్ బయల్దేరాం. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. షాపతను ఎక్స్3డి డబ్బా ముందుకి తోసి, “గేమింగ్‌కి ఇదే బెస్ట్ మేడమ్” అన్నాడు.

“దీంతో ఫ్యాన్ రాదుగా బాబూ?” అన్నాను. మావాడు నా వంక చూసిన చూపుంది చూశారూ, గాజులు కూడా అంత తృప్తినివ్వవు.

మదర్‌బోర్డు, 32 జీబీ ర్యామ్, మానిటర్‌తో సహా చీటీ డబ్బులో సరిపెట్టాం. 7700లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి విడి కార్డు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

ఆ ఆదివారం వాడి గదిలోంచి అత్తయ్యగారి హారతి వినిపించింది. చిటపటలు లేవు. మావారు పేపరు చేత్తో పట్టుకునే గుమ్మం దాకా వెళ్ళారు. పాటయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. తర్వాత గొంతు సవరించుకుని, “గ్రాఫిక్స్ కార్డు మాత్రం సెమిస్టర్ మార్కులు చూశాకే” అన్నారు.

అత్తయ్యగారు మెల్లగా లేచొచ్చి కుర్చీలో కూర్చున్నారు. “రెండో చరణంలో తప్పాన్రా. ఆ మైకు ఇటు పెట్టు, మళ్ళీ పాడతాను” అన్నారు.