చేవ ఎక్కడ?

సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గరగా, జంషెడ్‌పూర్‌లో సోనారి ఉంది. 1912లో తొలి ఉక్కు తయారైన ఆ నగరానికి శ్రీకాకుళం ప్రాంతం నుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన కుటుంబాలలో ఆ వృద్ధునిదీ ఒకటి. ఆయన వడ్రంగి. లోహపు పోతలకు చెక్క నమూనాలు చేస్తూ ఫౌండ్రీలోనే వయస్సు గడిపారు. తండ్రి నేర్పిన మొదటి పాఠం ఆయన ఎన్నడూ మరువలేదు: చేవ నడుమన ఉంటుంది; అంచుచెక్కను నమ్మరాదు.

ఒక వేసవిలో పెరటి మామిడికి నిచ్చెన కావలసి వచ్చింది. తోటలో పెంచిన పైన్ దుంగనొకదానిని కొని, కోత మిల్లులో పలకలు తీయించారు. అంచుపలకలు పక్కన పడవేసి, నడిమి పలకలతో మెట్లు బిగించారు. మూడవ నాడు ఒక మెట్టు ఫెళ్లున విరిగింది. మనవడు క్రిందపడ్డాడు; ముంజేతి ఎముక విరిగింది.

ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. తెల్లవారగానే నడిమి చెక్కను, అంచుచెక్కను ఒకే కొలతకు కోసి తక్కెడలో వేశారు. అంచుచెక్కే తూగింది.

కలపలోని కణాల గోడల సాంద్రత అన్ని చెట్లలోనూ దాదాపు ఒక్కటే. నీటికి ఒకటిన్నర రెట్లు. తేడా అంతా గోడల మందంలోనూ, లోపలి ఖాళీలోనూ ఉంది. పైన్ చెట్టు తొలి పదేళ్లలో వడివడిగా పెరుగుతుంది. అప్పటి వలయాలు వెడల్పు, గోడలు పలుచన. వయస్సు మీరిన కొద్దీ గోడలు దళసరి అవుతాయి. న్యూజిలాండ్ తోటలలో విస్తారంగా పెంచే రేడియేటా పైన్‌లో నడుమ ఘనమీటరుకు సుమారు 350 కిలోల కలప ఉంటే, వెలుపల 450 కిలోలు దాటవచ్చు. మొదలు నుంచి కొనకు పోయేకొద్దీ కూడా సాంద్రత తగ్గుతుంది. తోటచెట్లను పాతిక, ముప్పయి ఏళ్లకే నరకడం వల్ల దుంగలో ఈ లేతకలప పాలు ఎక్కువ.

తండ్రి మాట అబద్ధం కాదు. అది టేకును, గుగ్గిలం చెట్టును ఎరిగిన మాట. దానిని ఎరుగని చెట్టుకు అంటగట్టినదే పొరపాటు.

చేతికట్టు విప్పేనాటికి పారవేసిన అంచుపలకలు కొత్త నిచ్చెనగా మారాయి. కొమ్మ చివర కొన్ని కాయలు ఇంకా మిగిలే ఉన్నాయి.

"తాతా, ఇదీ ఆ దుంగేగా?" అన్నాడు పిల్లవాడు దూరంగా నిలబడి.

"ఆ దుంగేరా. ఆ చెక్క మాత్రం కాదు."

పిల్లవాడు కదలలేదు. వృద్ధుడు తానే ఎక్కారు. ప్రతి మెట్టు మీదా నిండుబరువుతో ఒక్క క్షణం నిలిచి, పైదాకా వెళ్లి, ఒక కాయ కోసుకుని దిగారు. అప్పుడు పిల్లవాడు మొదటి మెట్టు మీద కాలు మోపాడు.