లాయరు దగ్గరికి పోయే ముందు

అన్నలారా, పక్కన రొయ్యల గుంట తవ్వినాక బోరు నీళ్లు ఉప్పెక్కినాయి, నారు మాడిపోయింది అనే మాట మన తీరం ఊర్లలో వినని రైతు ఉండడు. "గట్టిగా వాదించే లాయరుని పెట్టుకుంటే చాలు, పని అయిపోద్ది" అంటారు మనోళ్లు. అది సగం మాటే.

ఇంగ్లండులో కాగితాలు సిద్ధంచేసే సొలిసిటర్ వేరు, పెద్ద కోర్టులో నిలబడి వాదించే బారిస్టర్ వేరు. మన దగ్గర 1961 అడ్వకేట్ల చట్టం కింద ఈ రెండు పనులూ ఒకే లాయరు చేయొచ్చు. మనం చూసేది వాదించే పనినే. కేసు నిలబడాలంటే మాత్రం ముందు కాగితాల పని గట్టిగా ఉండాల.

మన జిల్లా సంగతే చూడండి. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో నెల్లూరు జిల్లా కుర్రు ఊరి పేరుంది. చుట్టూ కంపెనీల గుంటలొచ్చి 600 మంది మత్స్యకారులకి తాగను నీళ్లు లేకుండా పోయినాయని, ఆడవాళ్లు గొడవ చేసినాకే ట్యాంకర్లు వచ్చినాయని అందులో రాసుంది. కేసు వేసింది తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్. ఆయన తరఫున వాదించింది ఎం.సి.మెహతా. ఆ వాదనకి బలం మాత్రం నీరి శాస్త్రవేత్తలు తీరం తిరిగి చూసి ఇచ్చిన రిపోర్టు. కుర్రు ఆడవాళ్ల బాధ కాగితం ఎక్కింది కాబట్టే ఢిల్లీ దాకా పోయింది.

తీర నియంత్రణ పరిధిలో, పాత సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా గుంటలు తీసేయమని కోర్టు చెప్పింది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ ఉన్న గుంటలకి దారి ఇచ్చింది. అందుకే ఇప్పుడు లాయరు ముందు అడగాల్సిన ప్రశ్న: ఆ గుంటకి రిజిస్ట్రేషన్ ఉందా, షరతులు పాటిస్తున్నారా?

కాబట్టి వట్టి చేతుల్తో పోబాకండి. పాస్‌బుక్, అడంగల్, 1బి, నీళ్ల పరీక్ష రిపోర్టు, తేదీ పడిన ఫోటోలు, అధికారులకిచ్చిన అర్జీ నకలు, అది అందినట్టు రసీదు తీసుకుపోండి. వకాల్తా చదివించుకుని సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద పెట్టొద్దు.

ఫీజు ముందే మాట్లాడుకోండి. గెలిచినాక వచ్చే డబ్బులో వాటా అడగడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. ఫీజు బాకీ ఉందని మీ ఫైలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

డబ్బుల్లేవని ఆగిపోవద్దు. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, వరద, కరువు బాధితులకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేసి కనుక్కోండి.

మీ బోరు నీళ్లు రుచి మారినట్టుంటే ఈ వారమే ఒక సీసా పరీక్షకి పంపండి. ఆ రిపోర్టు దాచిపెట్టుకోండి. రేపు కేసు వేసినా, ఊర్లో కూర్చుని మాట్లాడుకున్నా, ముందు అడిగేది దాన్నే.