బ్రస్సెల్స్‌లో రెండు రోజులు, ఒక బొమ్మ, బోలెడు వాన

ఆ బొమ్మ ఎత్తు 55 సెంటీమీటర్లు, పైన ఇంకో అర సెంటీమీటరు. మన స్కూల్ స్కేళ్లు రెండు ఒకదాని మీద ఒకటి నిలబెడితే దానికంటే ఎత్తు. బ్రస్సెల్స్ వెళ్లిన ప్రతివాళ్లూ ముందుగా వెతికేది దీన్నే. పేరు మానెకెన్ పిస్. వీధి మూల మీద నిలబడి ఉచ్చ పోస్తున్న ఓ బుడ్డోడు. అంతే. ఇంకేం లేదు.

నవంబర్ శనివారం, సన్నగా వాన, గొడుగుల మధ్య నుంచి పైకి లేచిన వంద ఫోన్లు. మా వంతు వచ్చి కమ్మీ దగ్గరికి చేరాక తెనాలి అమ్మాయి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇంతేనా?"

అంతేనే తల్లీ. పైగా అది అసలుది కూడా కాదు. జెరోమ్ డ్యూకెనోయ్ అనే శిల్పి 1619లో చేసిన అసలు కంచు విగ్రహం దగ్గర్లోని మ్యూజియంలో భద్రంగా ఉంది. దొంగలు పదేపదే ఎత్తుకెళ్తుంటే విసిగిపోయి దాన్ని లోపల పెట్టి, బయట నకలు నిలబెట్టారు. ఈ బుడ్డోడికి వెయ్యికి పైగా డ్రెస్సులున్నాయి, వాటికి విడిగా ఇంకో మ్యూజియం ఉంది. మా ఖర్మకి ఆ రోజు ఒంటి మీద నూలుపోగు లేదు.

మేం నలుగురం హైదరాబాద్‌లో ఒకే ఇంజినీరింగ్ కాలేజీ. పేర్లెందుకు, హాస్టల్లో పిలుచుకున్నట్టు ఊళ్లతోనే చెప్తా. భీమవరంవాడు ఫ్రాన్స్‌లోని లిల్‌లో, తెనాలి అమ్మాయి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఖమ్మంవాడు జర్మనీలోని డార్ట్‌మండ్‌లో, నేను ఆహెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాం. మ్యాప్‌లో నలుగురికీ మధ్యలో పడేది బ్రస్సెల్స్. అలా సెలెక్ట్ అయింది ఆ ఊరు. దాని మీద ప్రేమతో కాదు.

మానెకెన్ పిస్ ఉన్న వీధిలోనే ఓ గోడ మీద టిన్‌టిన్, కెప్టెన్ హాడక్, కుక్కపిల్ల స్నోయీ మెట్లు దిగుతున్న పెద్ద బొమ్మ ఉంటుంది. బొమ్మంటే అదీ. టిన్‌టిన్‌ని సృష్టించిన ఎర్జే ఈ ఊరివాడే. జనమంతా దానికి వీపు పెట్టి చిన్నోడి వైపు పరిగెడుతున్నారు.

వాఫిల్స్ సంగతి కూడా చెప్పాలి. షాపు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు ఉత్త వాఫిల్‌ది. కిటికీలో ఊరిస్తూ కనిపించేవి స్ట్రాబెర్రీలు, క్రీమ్, చాక్లెట్ పోసినవి. వాటి రేటు వేరు, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరెప్పుడైనా వెళ్తే లియేజ్ రకం అడగండి. మందంగా, లోపల పంచదార పలుకులు కరిగి అక్కడక్కడా కరకరలాడుతూ ఉంటుంది. దాని మీద ఏమీ అక్కర్లేదు. మేం ముగ్గురం తిన్నాం. ఖమ్మంవాడు, "నాకు స్వీటు పడదురా" అన్నాడు. హాస్టల్ మెస్‌లో ఆదివారం గులాబ్‌జామ్‌ల గిన్నె దగ్గర కాపలా కాసిన మనిషి వీడు. ఎవరం ఏమీ అనలేదు.

తర్వాత ఫ్రైస్. వాటిని ఫ్రెంచ్ ఫ్రైస్ అంటే బెల్జియం వాళ్లకి కోపం. రెండుసార్లు వేయించడం వాళ్ల పద్ధతి. తెనాలి అమ్మాయి శాకాహారి, ఏది కొన్నా ముందు అడిగే అలవాటు. "ఏ నూనె?" అంది. కౌంటర్లో అతను గర్వంగా, "బీఫ్ ఫ్యాట్, మేడమ్. ట్రెడిషనల్!" అన్నాడు. నిజమే, ఇక్కడి పాత పద్ధతి అదే. వెజిటబుల్ ఆయిల్ వాడే షాపులూ ఉన్నాయిగానీ వెతుక్కోవాలి. తినేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, మాలో ముగ్గురం తినం. భీమవరంవాడు ఒక్కడే పెద్ద పొట్లం కొనుక్కుని, మా ముఖాలు చూస్తూ తినలేక, ఆపలేక తిన్నాడు.

అప్పుడు ఖమ్మంవాడు బ్యాగులోంచి స్టీలు డబ్బా తీశాడు. పులిహోర. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కలిపాడట. పాత స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం మెట్ల మీద, స్తంభాల కింద వాన తగలని చోటు చూసుకుని, చల్లబడ్డ పులిహోర చేత్తోనే తిన్నాం. ఆ రెండు రోజుల్లో నలుగురికీ నచ్చిన తిండి అదొక్కటే. "ఇంత ఎందుకు చేశావురా?" అంటే, "రేపటికి కూడా" అన్నాడు.

గ్రాండ్ ప్లాస్‌కి చేరేసరికి నాలుగైంది. ఇక్కడ మాత్రం పేరు పెట్టడానికి లేదు. నాలుగు వైపులా బంగారు అంచుల భవనాలు, ఒక పక్క 96 మీటర్ల టౌన్ హాల్ గోపురం. 1695లో ఫ్రెంచ్ సైన్యం ఫిరంగులతో ఈ సెంటర్ని నేలమట్టం చేస్తే, వర్తక సంఘాల వాళ్లు కొద్ది ఏళ్లలోనే మళ్లీ కట్టుకున్నారు. 1998లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చీకటి పడి దీపాలు వెలిగాక తడి రాళ్ల మీద వాటి నీడలు చూస్తే వాన కూడా మంచిదే అనిపించింది. ఓ ఇరవై నిమిషాలు.

అక్కడే తలుపు పైన హంస బొమ్మతో ఓ ఇల్లుంది. గోడ మీద ఫలకం. కార్ల్ మార్క్స్ 1845 ఫిబ్రవరి నుంచి 1848 మార్చి దాకా బ్రస్సెల్స్‌లో ఉన్నాడని, 1848 కొత్త సంవత్సరాన్ని జర్మన్ కార్మికులతో కలిసి ఈ ఇంట్లోనే చేసుకున్నాడని అందులో ఉంది. పారిస్ నుంచి వెళ్లగొడితే ఇక్కడికొచ్చాడు, కమ్యూనిస్టు మేనిఫెస్టో ఇక్కడే రాశాడు, చివరికి ఇక్కడి నుంచీ వెళ్లగొట్టారు.

ఖమ్మంవాడి ముఖం ఆ రోజు వెలిగింది అప్పుడే. వాళ్ల తాత పాత పార్టీ మనిషి. వెంటనే వీడియో కాల్ చేశాడు. మనకి రాత్రి ఎనిమిదిన్నర. "తాతా, మార్క్స్ ఇక్కడే న్యూ ఇయర్ చేసుకున్నడంట, చూడు." పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని ఫలకం చూశాడు, చుట్టూ దీపాలు చూశాడు. తర్వాత అడిగాడు, "బాగుంది నాయనా. మరి నీకు పని దొరికిందా?"

"ఆఁ, దొరికింది తాతా" అన్నాడు వీడు. అందరికీ వినిపించింది.

హాస్టల్ గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు మంచాల గది, తువ్వాలుకి వేరే డబ్బులు, పై బెర్తు మీద గురకపెట్టే పెద్దమనిషి.

ఆదివారం పొద్దున మెట్రో ఎక్కి ఆటోమియం. ఇనుము స్ఫటికాన్ని 16,500 కోట్ల రెట్లు పెంచి కట్టిన నమూనా అది. 1958 వరల్డ్ ఫెయిర్ కోసం కట్టారు. తొమ్మిది గోళాలు, 102 మీటర్ల ఎత్తు. మబ్బులో పై గోళం సగం మాయమైంది. అయినా టికెట్ కొన్నాం. ఖమ్మంవాడు, "మీరు పోయి రండి, నాకు ఎత్తంటే భయం" అని కింద ఉండిపోయాడు. కాలేజీలో పరీక్షలప్పుడు వాటర్ ట్యాంక్ మీద కూర్చుని చదివినవాడు. పైనుంచి మాకు కనిపించింది తెల్లటి పొగ. కింద ఎక్కడో నీలం జాకెట్‌తో వాడు ఉండాలి, వాడూ కనిపించలేదు.

మధ్యాహ్నం యూరోపియన్ యూనియన్ ఆఫీసులుండే పేట. టీవీలో చూసిన అద్దాల భవనాలు, జెండాలు. మనుషులే లేరు. ఈ ఊరి అసలు జీవితం సోమవారం మొదలై శుక్రవారం సాయంత్రం సర్దుకుంటుందేమో అనిపించింది. మాలాంటి శని ఆదివారాల వాళ్లకి మిగిలేది బొమ్మలూ, వాఫిల్సూ. పార్లమెంటు పక్కనే పార్లమెంటారియం అని ఓ విజిటర్ సెంటర్ ఉంది. ప్రవేశం ఉచితం, వెచ్చగా ఉంటుంది, గైడ్ పరికరం 24 భాషల్లో మాట్లాడుతుంది. స్టూడెంట్స్‌కి నేనిచ్చే ఒకే ఒక్క సలహా, వానొస్తే అక్కడికెళ్లండి.

అక్కడ కూర్చున్నప్పుడే భీమవరంవాడు సూటిగా అడిగాడు. "ఏరా, సంగతేంటి?"

వేర్‌హౌస్‌లో చేస్తున్న పార్ట్‌టైమ్ పని ఆగస్టులోనే పోయింది. జర్మనీ వీసాకి ఏడాది ఖర్చుల కింద బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేసి వస్తాం, నెలకి 992 చేతికొస్తాయి. వాడిది మొదటి ఏడాదితోనే అయిపోయింది. ఇంటి మీద తెచ్చిన లోన్ అలాగే ఉంది. జర్మన్ భాష అంతంతమాత్రం, నలభై అప్లికేషన్లకి ఒక్క పిలుపు లేదు.

"మరి ఈ ట్రిప్పు ఎందుకురా?" అంది తెనాలి అమ్మాయి. తిట్టినట్టు కాదు.

"మా అమ్మకి పక్కింటావిడ వాళ్లబ్బాయి పారిస్ ఫోటోలు చూపిస్తాందంట. మనోడేంది ఒక్క ఫోటో పెట్టడు, బాగున్నడా లేడా అని రోజూ అడుగుతాంది. బాగున్నట్టు ఒక ఫోటో కావాలె."

ఎదురుగా పెద్ద స్క్రీన్ మీద ఎవరో ఎంపీ ఏదో భాషలో మాట్లాడుతున్నాడు. మిగిలిన పులిహోర డబ్బా వాడి ఒళ్లో ఉంది. భీమవరంవాడు లిల్‌లోని తెలుగువాళ్ల గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టాడు. తెనాలి అమ్మాయి వాడి సీవీ తన ఫోన్‌లోకి పంపించుకుని అక్కడే దిద్దింది. మేం చూడాల్సిన లిస్టులో ఇంకా మూడు చోట్లున్నాయి. వాటి మాట మళ్లీ రాలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఖర్చులు పంచుకునే యాప్ తెరిస్తే, హాస్టల్ బిల్లు ముగ్గురి పేర్ల మీదే ఉంది. ఎవరు మార్చారో ఎవరూ చెప్పలేదు. ఖమ్మంవాడు చూసి ఓ బూతు తిట్టి, నాలుగో పేరు మళ్లీ తనే ఎక్కించాడు. గ్రాండ్ ప్లాస్‌లో దీపాల ముందు నలుగురం ఉన్న ఫోటో వాళ్లమ్మకి పంపాడు.

క్రిస్మస్ మార్కెట్‌లో కప్పులు కడిగే పని దొరికిందని డిసెంబర్ మొదట్లో ఫోన్ చేశాడు. నెల పనే. ఆ తర్వాతది ఆ తర్వాత. సీవీకి ఓ ఇంటర్వ్యూ వచ్చింది, రిజల్ట్ ఇంకా తెలీదు. వచ్చే నెల నలుగురం వాడి గదిలోనే కలుస్తున్నాం. ఆ గది 14 చదరపు మీటర్లు. ఎలా పడతామో చూడాలి.