సిరోటా గారి అమ్మాయి

పిల్లలూ! యుద్ధం మాట వచ్చినప్పుడల్లా నాకు సేనాపతులు జ్ఞాపకం రారు. పరాయి దేశంలో చిక్కుబడిపోయిన ఒక చిన్న కుటుంబం జ్ఞాపకం వస్తుంది.

లియో సిరోటా గొప్ప పియానో విద్వాంసుడు. ఆయన 1929లో భార్యనూ, అయిదేళ్ళ కూతురు బియాతేనూ వెంటబెట్టుకుని వియన్నా నుంచి జపాను వచ్చాడు. టోక్యోలో సంగీతం నేర్పసాగాడు. బియాతే ఇరుగుపొరుగు పిల్లలతో ఆడుకుంటూనే జపాను భాష నేర్చేసుకుంది. అక్కడి ఆడవాళ్ళను పెళ్ళి విషయంలో కూడా "నీ ఇష్టమేమిటి?" అని అడిగేవారు లేరని ఆ పిల్ల చిన్నతనంలోనే గ్రహించింది.

1939లో బియాతే చదువుకోసం అమెరికా వెళ్ళింది. 1941లో తల్లిదండ్రులు అక్కడికి వెళ్ళి కూతురిని చూశారు. కాని సిరోటా గారు శిష్యులను విడిచి ఉండలేక, భార్యతో సహా టోక్యోకు తిరిగివచ్చాడు. ఆ డిసెంబరులోనే జపానుకూ అమెరికాకూ యుద్ధం మొదలయింది. ఉత్తరాలు ఆగిపోయాయి.

తరువాత ఆ దంపతులను చాలామంది విదేశీయులతోపాటు కరుయిజావా అనే కొండ ఊరికి తరలించారు. అది వేసవి విడిది. అక్కడి ఇళ్ళు శీతకాలానికి పనికిరావు. తిండికీ, వంటచెరకుకూ కటకటే. పైగా పోలీసుల నిఘా! చలికి కొంకర్లుపోయే వేళ్ళతో పియానో వాయించటం ఎలా ఉంటుందో ఊహించండి.

అక్కడ అమెరికాలో బియాతే, జపాను రేడియో విని అనువాదం చేసే ఉద్యోగంలో ఉంది. రోజంతా ఆ దేశపు మాటలే వింటుంది; అమ్మా నాన్నా బ్రతికి ఉన్నారో లేదో మాత్రం తెలియదు!

యుద్ధం ముగిశాక, 1945 డిసెంబరులో, ఆమె అమెరికా సైన్యపు కొలువులో టోక్యో చేరింది. తాము కాపురమున్న ఇల్లు కాలిపోయింది. తల్లి సరైన తిండి లేక జబ్బుపడి ఉంది. అయినా ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు.

1946 ఫిబ్రవరిలో జపాను కొత్త రాజ్యాంగానికి చిత్తుప్రతి రాసేవారిలో బియాతే ఒకతె. అప్పటికి ఆమె వయస్సు 22 ఏళ్ళు. జీపులో గ్రంథాలయాలన్నీ తిరిగి ఇతర దేశాల రాజ్యాంగాలు సంపాదించి, స్త్రీల హక్కులను గురించి రాసింది. పెళ్ళి వధూవరుల ఇష్టంతోనే జరగాలనీ, భార్యాభర్తలకు సమాన హక్కులుండాలనీ 24వ అధికరణం చెబుతుంది. ఆ రాజ్యాంగం 1947 మే 3న అమలులోకి వచ్చింది.

సిరోటా దంపతులు 1946లోనే జపాను విడిచి అమెరికా వెళ్ళిపోయారు. పదిహేడేళ్ళ కాపురంలో వారికి అక్కడ ఆదరణా దొరికింది, ఆకలీ దొరికింది. వారి కూతురు తలుచుకుంటే ఆ ఆకలినే జ్ఞాపకం పెట్టుకుని, కసి తీర్చుకోవచ్చు. కాని ఆమె చిన్ననాడు తెలుసుకున్న ఆడవాళ్ళ కష్టాన్ని జ్ఞాపకం పెట్టుకుంది. నేను మెచ్చుకునేది ఆ జ్ఞాపకశక్తినే.